గోదావరిలో ఒంటరిగా కయాక్ వేట: ఏ రేవులో దిగాలి?

మీరు అడిగింది ఇదీ: రాజమండ్రిలో ఉంటున్నారు, పైన కూర్చుని తెడ్డుతో నడిపే చిన్న పడవ, పదడుగుల కయాక్ కొన్నారు, ఆదివారాలు తెల్లారుజామున ఒక్కరే వెళ్లి గేలం వేద్దామనుకుంటున్నారు. కోటిలింగాల రేవు ఎదురుగానా, ధవళేశ్వరం బ్యారేజీ దిగువనా, యానాం దగ్గరా, లేక కాతేరు దాటి సీతానగరం వైపు లంకల దగ్గరా, ఈ నాలుగింట్లో ఏది మంచిదని అడిగారు. పనిలో పనిగా పులస పడుతుందా అని కూడా.

నాలుగో చోటు. అదీ నవంబరు నుంచి మార్చి దాకా, పొద్దున్న పదింటిలోపు, లంక వెనకున్న పాయలో, నడి గోదారిలో కాదు. ఇంత చెప్పి ఊరుకోవచ్చు గానీ, పేరు పట్టుకుని వెళ్తే పప్పులో కాలేస్తారు. గోదావరి ఏటా వరదకి తన ఇంటిని తనే సర్దుకుంటుంది. నిరుడు నేను మోకాల్లోతులో నిలబడి కయాక్ ఎక్కిన ఇసుక మేట ఈ ఏడు లేదు. అది ఉన్నచోట ఇప్పుడు గడ కర్రకి కూడా అందని లోతు ఉంది. అందుకని రేవు పేరు కన్నా రేవుని చూసే పద్ధతి చెప్తాను.

లంక ఊళ్లో పుట్టినవాణ్ణి, చిన్నప్పట్నించీ గేలం పట్టినవాణ్ణి. కయాక్ మాత్రం నలభై దాటాక మొదలుపెట్టాను. అందువల్ల మొదట్లో అందరిలాగే నేనూ చేపలెక్కడ ఉంటాయో చూసి దిగేవాణ్ణి. ఇప్పుడలా చూడను. నావలో ఇద్దరుంటారు, ఒకరు అలిసిపోతే ఇంకొకరు గడ వేస్తారు. మోటారు బోటుకి మోటారుంది. ఒంటరి కయాక్‌కి ఉన్నది రెండు చేతులు. అవి అలిసిపోయిన తర్వాత నీరూ గాలీ మనల్ని ఎటు తీసుకెళ్తాయన్నదే నాకు మొదటి ప్రశ్న. ఆ రెండూ నన్ను దిగిన రేవు వైపే తెచ్చే చోటయితే చేపలు కాస్త తక్కువున్నా అక్కడే దిగుతాను.

ఇది నాకు ఎలా తెలిసొచ్చిందో చెప్తాను. అది మార్చి నెల. పొద్దున్నే దిగి, పాయలో ఏమీ పడకపోతే ఎగువకి కొట్టుకుంటూ పోయాను. ఎనిమిదిన్నర నుంచి వెనక దక్షిణపు గాలి మొదలైంది. తెడ్డు అలా ఆనిస్తే చాలు, కయాక్ జారిపోతోంది. నా జబ్బల బలం అనుకున్నాను. పదకొండుకి ఇంటిమొహం పట్టి ముక్కు తిప్పానో లేదో, అదే గాలి ఎదురొచ్చింది. కిందికి పోయే నీటికి పైకొచ్చే గాలి ఎదురైతే గోదారి ముడతలు పడుతుంది. అడుగు ఎత్తు కెరటాలే, నావకి అవొక లెక్క కాదు. కయాక్ నీటిలో తక్కువ, గాలిలో ఎక్కువ మునిగి ఉంటుంది కాబట్టి నీరు లాగేదానికన్నా గాలి తోసేది ఎక్కువ. కుడిపక్క లంక మీద ఒంటరి తాడిచెట్టు ఒకటి ఉంది. దాన్ని గుర్తు పెట్టుకుని వేస్తున్నాను. అర్ధగంట వేశాక చూస్తే తాడిచెట్టు కుడిపక్కనే ఉంది.

చివరికి ఒడ్డుకి చేరి తాడుతో లాక్కుంటూ నడుద్దామని దిగాను. నాలుగడుగులు ఇసుకే, అయిదో అడుగుకి కింద ఏమీ లేదు. ఇసుక తవ్వి వదిలేసిన గొయ్యి. లైఫ్ జాకెట్ ఉంది కాబట్టి తేలాను. భార్యాభర్తలు వేటకొచ్చిన నావ ఒకటి చూసి తాడందించింది. ఆవిడే చుక్కాని పట్టుకుని, "గాలి లేచాక గోదారి మీద పనేంటండి బాబుగారూ, మేమే వల ఎత్తేసి పోతన్నాం" అంది. ఆ మాట తర్వాత తొమ్మిదిన్నరకి కయాక్ ఒడ్డున లేకపోతే నాకు టెన్షన్ మొదలవుతుంది.

ఇక మీ చోట్లు ఒక్కొక్కటీ.

కోటిలింగాల రేవు ఎదుట దిగడం తేలిక, కారు మెట్లదాకా వస్తుంది, జనం ఉంటారు. తెడ్డు అలవాటు చేసుకోవడానికి ఒడ్డు పక్కన బాగుంటుంది. వేటకి మాత్రం నాకు నచ్చదు. నది అక్కడ అవతలి ఒడ్డుకి దాదాపు మూడు కిలోమీటర్లు, గాలికి అడ్డం లేదు. స్నానాల రేవులో గేలం విసరడం మర్యాదా కాదు, క్షేమమూ కాదు. కింద వంతెనలున్నాయి. స్తంభాల వెనక నీరు సుడి తిరిగే చోట చేప నిలుస్తుందన్నది నిజమే. ఆ ఆశతోనే కొందరు పాత హేవలాక్ వంతెన స్తంభాల పక్కకి పోతారు. నీరు నిలకడగా ఉన్న చలికాలంలో దూరం నుంచి విసిరితే విసరండి గానీ, స్తంభానికి కయాక్ కట్టడం, దానికీ దీనికీ మధ్య చెయ్యి పెట్టడం వద్దు.

బ్యారేజీ దిగువన చేపలుంటాయి. తలుపులు మూసి ఉన్నప్పుడు ఎగువకి పోలేని చేపంతా కింద మడుగుల్లో చేరుతుంది, కొంగలే సాక్ష్యం. అక్కడికి మాత్రం వెళ్లకండి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం నాలుగు భాగాలూ కలిపి 175 తలుపులు. వాటిలో ఏది ఎప్పుడు లేపుతారో కింద కూర్చున్న మీకు తెలియదు. తలుపు కిందనుంచి దూకిన నీరు ముందుకి మాత్రమే పోదు, పైపొర వెనక్కి తలుపు వైపే తిరుగుతుంది. అందులో పడిన దుంగని చూడండి, పోదు, అక్కడక్కడే దొర్లుతుంటుంది. మనిషైనా అంతే. ఎగువ పక్కనా ఇదే జాగ్రత్త. తలుపుల దగ్గరా, కాలువలకి నీరు వదిలే తూముల దగ్గరా పైకి నిమ్మళంగా కనబడే నీరు అడుగున లాగుతుంటుంది. బ్యారేజీకి నాలుగు కిలోమీటర్ల లోపు నేను కయాక్ దించను. పట్టిసీమ, పురుషోత్తపట్నం లాంటి ఎత్తిపోతల పంపుల ముందు కూడా అంతే.

యానాం సంగతి వేరు. అక్కడున్నది సగం గోదావరి, సగం సముద్రం. పండుగప్ప చేప మీద మనసుంటే ఎప్పటికైనా వెళ్లాల్సిందే, కానీ మొదటి ఏడాది వద్దు. పోటూ పాటూ, అంటే సముద్రపు నీరు ఎక్కే వేళా దిగే వేళా, తెలియకుండా వెళ్లి పాటు మొదలయ్యాక కిందికి దిగారంటే నీరు సముద్రం దాకా సాగనంపుతుంది. పోటు రోజుకి రెండుసార్లు వస్తుంది, మర్నాటికి సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అమావాస్య, పౌర్ణమికి లాగుడు ఎక్కువ, అష్టమి అటూ ఇటూ తక్కువ. మొదటిసారి వెళ్లేది అష్టమి రోజుల్లో వెళ్లండి. పోటు ఎక్కుతుండగా దిగి, దాంతోపాటే ఎగువకి పోయి, అది నిలబడ్డాక వేట చేసి, పాటుతో రేవుకి దిగిరావాలి. ఇంకొకటి ఎవరూ చెప్పరు: పొద్దున్న పోటుకి మీరు సులువుగా దిగిన రేవు పాటుకి బురద అవుతుంది. మోకాలిదాకా దిగబడే బురదలో పాతిక కిలోల కయాక్‌ని ఒక్కరే లాగడం ఏమిటో ఒకసారి లాగితే గానీ తెలియదు. పాటు సమయంలో ఒకసారి వెళ్లి రేవు చూసుకోండి. కోరింగ అభయారణ్యం హద్దుల్లోకి గేలంతో పోవద్దు, అది నీటిపిల్లులకీ మడ చెట్లకీ వదిలేసిన చోటు.

ఇక సీతానగరం వైపు. ఇక్కడ నది లంకల వల్ల చీలి ఉంటుంది. పెద్ద పాయలో నావలూ ఇసుక పడవలూ నడుస్తాయి. లంకకీ ఒడ్డుకీ మధ్య వంద, రెండొందల మీటర్ల వెడల్పుండే చిన్న పాయలుంటాయే, అవి మనవి. రెండు పక్కలా ఒడ్డు దగ్గర, గాలికి లంక మీది రెల్లూ చెట్లూ అడ్డం, నీరు నెమ్మది. గుర్రపుడెక్క అంచుల్లో కొరమేను, కోత పడిన నిటారు గట్టు కింద లోతులో వాలుగ, జెల్ల. ముద్ద వేసి ఓపిగ్గా కూర్చుంటే శీలావతి, అదృష్టం ఉంటే బొచ్చె.

ఆ పాయల్లో ఏది మంచిదో ఇంట్లోంచే సగం తేల్చుకోవచ్చు. ఫోన్‌లో శాటిలైట్ మ్యాప్ తెరిచి, కంప్యూటర్లోనయితే పాత ఏళ్ల బొమ్మలు కూడా వెనక్కి తిప్పి చూడండి. ఎండాకాలం బొమ్మలో ఇసుక మేటలు తెల్లగా బయటపడతాయి. రెండు కొసలా నదిలో కలిసే పాయ కావాలి, కింది కొస ఇసుకతో పూడిపోయింది కాకూడదు. గట్టు మీద లారీల బాటలూ, ఇసుక గుట్టలూ కనిపిస్తే ఆ పాయ వదిలేయండి. నేను పడ్డ గొయ్యి లాంటివి అక్కడుంటాయి, పై నుంచి నీళ్లు ఒకేలా కనిపిస్తాయి.

తర్వాత కయాక్ లేకుండా బండి మీద వెళ్లండి. మీరు వేటకి వెళ్లబోయే వేళకే వెళ్లండి, సాయంత్రం షికారుకి వెళ్లి చూస్తే గాలి సంగతి తెలియదు. ఒక కొబ్బరికాయ తీసుకెళ్లండి. దేవుడికి కాదు. ఒడ్డు మీద పది మీటర్లు అడుగులతో కొలిచి రెండు గుర్తులు పెట్టుకుని, పై గుర్తు కన్నా కాస్త ఎగువన కాయని వీలైనంత లోపలికి విసరండి. ఒడ్డు వార నీరు ఎప్పుడూ నెమ్మదే, అది చూసి మోసపోవద్దు. కాయ రెండు గుర్తుల మధ్య దూరం పోవడానికి 20 సెకన్లు పడితే నీటి వేగం గంటకి 1.8 కిలోమీటర్లు, పర్వాలేదు. 10 సెకన్లకే పోయిందంటే 3.6. పదడుగుల కయాక్‌లో మామూలు మనిషి నిలకడగా వేయగలిగేది గంటకి నాలుగు కిలోమీటర్లు. అంటే ఆ రోజు మీరు ఎంత చెమటోడ్చినా నా తాడిచెట్టులాగా దాదాపు ఒకేచోట నిలబడతారు.

కొబ్బరికాయే ఎందుకంటే అది చాలావరకు మునిగి ఉంటుంది, నీరు చెప్పినట్టే పోతుంది. పక్కనే తేలి వస్తున్న గుర్రపుడెక్క మొక్కని కూడా చూడండి. దాని ఆకులు తెరచాపల్లా పైకి లేచి ఉంటాయి, అది గాలి మాట వింటుంది. కాయ ఒక పక్కకీ మొక్క ఇంకో పక్కకీ పోతుంటే నీరూ గాలీ ఎదురెదురుగా ఉన్నట్టు. రెండూ ఒకవైపే, అదీ మీ రేవు వైపే పోతుంటే ఆ వేళా ఆ రేవూ రాసిపెట్టుకోండి. నా దగ్గరున్న చిన్న నోటుబుక్కులో ఇలాంటివి నాలుగే నాలుగు రేవులున్నాయి. ఏటా దసరా తర్వాత మళ్లీ వెళ్లి చూస్తాను, ఒకటో రెండో కొట్టేస్తాను.

రేవులో దిగాక నియమం ఒకటే, ముందు ఎగువకి. ఒంట్లో ఓపిక ఉన్నప్పుడు ఎదురు వేసి, అలిసిపోయాక నీటి వాలుకి రావాలి. ఎగువకి పోవడం కష్టమనిపించిన రోజు అసలు పోకండి, రేవు ఎదురుగానే గేలం వేసుకోండి. రేవుకి కింద ఇంకో చోటు కూడా చూసి ఉంచుకోండి, పొరపాటున దాటిపోతే ఎక్కడ ఒడ్డెక్కాలో తెలియాలి. రేవు కింద అరకిలోమీటరు దాకా నిటారు గట్టే ఉంటే ఆ రేవు పనికిరాదు.

అక్కడి వేటగాళ్లతో మాట్లాడకుండా నీళ్లలోకి దిగకండి. పర్మిషన్ల సంగతి జిల్లా మత్స్యశాఖ ఆఫీసులో అడగండి, కానీ రేవులో చెల్లేది రేవు వాళ్ల మాట. వలలు ఎక్కడ కట్టారో వాళ్లకే తెలుసు. నీటి మీద ప్లాస్టిక్ బాటిళ్లు వరుసగా తేలుతున్నాయంటే అది చెత్త కాదు, వల బెండ్లు. దానిలో మీ గేలం పడితే లాగి తెంపకండి, వల వాళ్ల బతుకు. కోసేది మీ తాడే. "ఏమండీ, పాయలో వల ఉందా" అని ఒక్కసారి అడిగితే, ఎక్కడ మొద్దులున్నాయో ఎక్కడ లోతుందో కూడా వాళ్లే చెప్తారు. నాకు మంచి వాలుగ మడుగు చూపించింది ఇలా టీ తాగుతూ పరిచయమైన పెద్దాయనే. రేవులో ఒకరికి మీ మొహం తెలిసి ఉండటం మీకు ఏ పరికరం కన్నా ఎక్కువ పనికొస్తుంది, తొమ్మిదింటికి రావాల్సిన కయాక్ రాకపోతే వాళ్లే ముందు చూస్తారు.

రుతువు సంగతి. జులై నుంచి అక్టోబరు దాకా మీ కయాక్ ఇంట్లోనే. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకి ఇస్తారు, రెండోది 13 లక్షలకి, మూడోది 17 లక్షలకి. అవి ఊళ్ల కోసం పెట్టిన లెక్కలు, మనకి పనికిరావు. మనకి నీరు ఎర్రబడిందంటేనే హెచ్చరిక. భద్రాచలం దగ్గర పెరుగుతోందని వార్తల్లో వస్తే మర్నాటికల్లా మన రేవు మారిపోతుందనుకోండి. చలికాలంలో నీరు నిలకడగానే ఉన్నా రబీకి ఎగువనున్న సీలేరు ప్రాజెక్టు నుంచి వదిలే నీటివల్ల ఎక్కువ తక్కువలుంటాయి. ఒడ్డున తడి గుర్తు పైకుందా కిందికుందా చూసి దిగండి. డిసెంబరు, జనవరిలో పొగమంచు పట్టిందంటే రెండు ఒడ్లూ మాయమవుతాయి, ఎండ వచ్చేదాకా టీకొట్టులోనే కూర్చోవాలి. ఏప్రిల్, మే నెలల్లో తెల్లారుజామున రెండు గంటలు చాలు. ఆ నెలల్లో సాయంత్రం వెళ్లేవాళ్లకి ఈదురుగాలీ పిడుగూ రెండూ పొంచి ఉంటాయి, నీటి మధ్య అందరికన్నా ఎత్తుగా ఉండేది మీ రాడ్డే.

సామాను గురించి చాలా వీడియోలున్నాయి, నేను రెండు విషయాలే చెప్తాను. లంగరు పక్కకి కట్టకండి. నీరు నడుస్తున్న చోట కయాక్ నడుముకి లంగరు తాడు కడితే, ఎగువ అంచు మీద నీరు గుట్టపడి ఒక్క క్షణంలో బోర్లా కొడుతుంది. ముక్కుకో తోకకో కట్టాలి, గుంజితే ఊడిపోయే ముడి వేయాలి, తాడు చివర ఒక చిన్న బెండు కట్టాలి. గోదారి అడుగున వరదకి కొట్టుకొచ్చిన మొద్దులూ తెగిన వలలూ చాలా ఉంటాయి, లంగరు ఇరుక్కుంటుంది. ముడి విప్పి వదిలేస్తే బెండు తేలుతూ ఉంటుంది, తీరిగ్గా తర్వాత తీసుకోవచ్చు. ఒక కత్తి జాకెట్‌కే ఉండాలి, పెట్టెలో కాదు. జాకెట్ కూడా ఒంటి మీదే ఉండాలి. ఉక్కపోస్తుందని సీటు వెనక కట్టేవాళ్లని చూశాను, నేను పడ్డ గోతిలో అది ఎందుకూ పనికిరాదు.

రెండోది, జెల్ల. కొత్తవాళ్లకి మొదట పడేది అదే. దానికి మొప్పల పక్కన రెండు, వీపు మీద ఒకటి ముళ్లుంటాయి, గుచ్చుకుంటే చెయ్యి మోచేయిదాకా సలుపుతుంది. గట్టు మీదయితే దూరంగా పడేస్తారు. కయాక్‌లో అది ఎగిరి పడేది మీ తొడల మీదే. తడిగుడ్డ, పొడుగు ముక్కు పట్టుకారు దగ్గర పెట్టుకుని, నీటిలో ఉండగానే గేలం తీయండి. రాకపోతే తాడు కోసి వదిలేయండి.

మొదటి రెండు ఆదివారాలు రాడ్డు ఇంట్లో పెట్టి వెళ్లండి. నడుంలోతు నీటిలో, ఒడ్డున ఒక మనిషిని ఉంచుకుని, కావాలనే కయాక్ బోర్లా వేసి మళ్లీ ఎక్కండి. పదిసార్లు ఎక్కాలి, అందులో చివరి మూడుసార్లు అలసటతో ఎక్కాలి. ఎక్కలేకపోతే ఇంకో ఆదివారం. ఇంట్లో చెప్పి వెళ్లేటప్పుడు "గోదారికి వెళ్తున్నా" అంటే చాలదు. ఏ రేవు, ఎగువకా దిగువకా, ఎన్నింటికి ఒడ్డున ఉంటానన్నది కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. నేను పదింటికి ఫోన్ చేయకపోతే మా ఆవిడ ముందు రేవులోని టీకొట్టుకి, తర్వాత అత్యవసర నంబరు 112కి చేయాలని మా ఒప్పందం. ఇప్పటికి ఒక్కసారే టీకొట్టుదాకా వచ్చింది, ఫోన్ తడిసి పనిచేయక. ఆ రోజు తిన్న చీవాట్ల దెబ్బకి నీళ్లు పోని కవరు కొన్నాను.

పులస మాట అడిగారు కదా. అది గేలానికి పడే చేప కాదు. నీటిలోని సన్నటి నాచునీ పురుగునీ జల్లెడ పట్టినట్టు తినే రకం, ఎర చూపిస్తే వచ్చేది కాదు. పైగా అది ఎదురీదేది వరద రోజుల్లో, ఎర్రనీటిలో. అప్పుడు నావ మీద వల వేసేవాళ్లకే ప్రాణం అరచేతిలో ఉంటుంది. పులసకి పుస్తెలమ్మినా పర్వాలేదన్నారు గానీ ఎవరూ ఇంతకన్నా అమ్మమనలేదు. ఆగస్టులో రేవు దగ్గర నిలబడి, నావ ఒడ్డుకి రాగానే బేరమాడి కొనుక్కోండి.